ఎల్లవ్వ పిండిన గుడ్డలు

మూడు రోజులుగా ముసురు. పాలమూరులో మేము కిరాయికి ఉంటున్న ఇంటి వెనక పంచలో పాప పొత్తిగుడ్డలు దండెం నిండా వేలాడుతున్నాయి. ఆరీ ఆరని నూలుగుడ్డకు ఒక పులిసిన వాసన ఉంటుంది. ఈ పొద్దున ఆ వాసన ముక్కుకు తగలగానే నా చెయ్యి దానంతటదే ఒక గుడ్డ కొసను అందుకుని నాలుకకు ఆనించింది. ఇంటి యజమానురాలు మెట్ల మీద నుంచి చూసి, "ఛీ ఛీ, గదేం పనమ్మా! ఉచ్చగుడ్డ నోట్లె పెట్టుకుంటవా?" అన్నది. లోపల తొట్టెల పక్కన కునుకుతున్న మా నాయనమ్మ కూడా ఆ మాటకు కళ్లు తెరిచి నా వైపు చూసింది. నేను జవాబు చెప్పలేదు. జవాబు చెప్పకపోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ అలవాటు వల్ల ఒక మనిషికి జరిగిన అన్యాయం గురించే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు ఎల్లవ్వ. అచ్చంపేటలో మా వాడకు చాకలి. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎప్పుడూ ఆకువక్క నములుతూ ఉండేది. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన అరచేతులు తెల్లగా ముడతలు పడి, గోళ్ల పక్కన పగిలి ఉండేవి. మా అమ్మ నా ఐదో ఏటనే పోయింది. బాపు ఆ ఊరి బడిలోనే సారు. ఇంటి పెత్తనమంతా బాపు తల్లిదే, అంటే మా నాయనమ్మది. అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన ఏడాది మా అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఎవరైనా ఇంటికి వస్తే తలుపు వెనక్కి పోయి నిలబడేదాన్ని. బడిపిల్లల పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలను కలిపి కుట్టుకుని, రోజూ చూసిందేదో ఒకటి అందులో రాసుకునేదాన్ని. ఎల్లవ్వ అది కనిపెట్టి నాకు "కాయితాల పిల్ల" అని పేరు పెట్టింది.

అక్కకు ఎనిమిదో నెల పడగానే ఒక మధ్యాహ్నం నాయనమ్మ పాత బట్టలన్నీ మూటగట్టి వెనక గడప అవతల పడేసింది. పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ వేయరు, ఎవరో కట్టి విడిచినదే వేయాలి. అయితే ఏ పాతగుడ్డ పనికొస్తుందో తేల్చేది ఎల్లవ్వే. మెట్టు మీద కూర్చుని ఒక్కో గుడ్డను వెలుతురుకు పట్టి చూసింది. కళ్లు మూసుకుని చెంపకు రాసుకుంది. తర్వాత చెంబులో వేలు ముంచి గుడ్డ మీద ఒక్క చుక్క నీళ్లు వేసింది. అక్క అత్తగారు మెత్తగా ఉంటుందని ప్రత్యేకంగా పంపిన మెరుపుల చీర మీద ఆ చుక్క పూసలా అలాగే నిలబడింది. బాపు పాత పంచె మీద వేస్తే వేసిన చోటే ఇంకిపోయింది.

"సూసినవా కాయితాల పిల్లా? గీ చీర సూస్తందుకే సోకు. నీళ్లు తాగది. తాగని గుడ్డ ఉచ్చనంత బిడ్డ తొడలకే ఇడుస్తది."

"మరి దుప్పటి మంచిదా ఎల్లవ్వా? మందంగ ఉన్నది గద."

"దుప్పటి తాగుతది, మల్ల ఆరది. ముసురు పడితే మూడొద్దులు ఏడుస్తనే ఉంటది. నీ లెక్కనే, సప్పుడు చేయకుండ."

అని తనే నవ్వింది. పంచెలను చింపి రెండు కుప్పలు చేసింది. బాగా పలచబడినవి పగటికి, ఇంకా నేత గట్టిగా ఉన్నవి రాత్రికి. రాత్రికి ఒక్క గుడ్డ సరిపోదు. ఒంటికి తగిలేది పలచనిది ఉండాలి, దాని మీద నాలుగు మడతల మందపు పట్టీ రావాలి. ఆడపిల్లయితే మందం పిర్రల కిందికి, మగపిల్లవాడైతే ముందుకు. ముడిలో రెండు వేళ్లు దూరాలి. ఇదంతా చెప్పి, "పగలు తడిస్తే మీరంత సూస్తరు. రాత్రి అందరు పండుకుంటరు. అప్పుడు బిడ్డను గుడ్డనే సూడాలె" అన్నది. నేను అది మాట పోకుండా రాసుకున్నాను. ఆమె వెళ్లగానే నాయనమ్మ ఆ రెండు కుప్పల మీదా పసుపునీళ్లు చల్లి లోపలికి తెచ్చుకుంది. అప్పుడు నాకది రోజూ జరిగే పనిలాగే అనిపించింది. ఈ రోజు అది తలచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆమె చెంపకు రాసుకుని ఎంచిన గుడ్డ కావాలి, ఆమె చెంప తగిలిన మైల మాత్రం పోవాలి!

అక్కకు ఆడపిల్ల పుట్టింది. మడత వేయడం ఎల్లవ్వ నాకు గడప అవతల నుంచే నేర్పింది. ఆమె లోపలికి రాకూడదు, బిడ్డను ముట్టుకోకూడదు. అందుకని తన తలగుడ్డను చుట్టి బిడ్డలా చేసి ఒళ్లో పెట్టుకుని, దానికి కట్టి విప్పి చూపేది. ఇవతల నేను నిజం బిడ్డకు కట్టేదాన్ని. ఆమె మెడ చాచి చూసేది.

"గట్ల కాదే, వడ్లమూట కట్టినట్టు బిగిస్తున్నవు. దాని కాళ్లు కప్పకాళ్ల లెక్క విచ్చుకోవాలె. జర వదులియ్యి. ఆఁ, ఇగో, గిట్ల. సూడు, ఎట్ల సాగదీసుకున్నదో దొరసాని!"

రాత్రిళ్లు అక్క పక్కన నేనే పడుకునేదాన్ని. మెలకువ వచ్చినప్పుడల్లా వేలి వెనక భాగం మడతలోకి పోనిచ్చి చూడాలి. లోపలి గుడ్డ తడిస్తే దాన్ని మార్చాలి, తడిసినదాన్ని గడప దగ్గరున్న నీళ్లకుండలో వేయాలి. తెల్లారగానే ఎల్లవ్వ ఆ కుండ నెత్తిన పెట్టుకుని వాగుకు పోయేది. సబ్బులా మురికి తీసే సవుడు మన్ను కలిపిన నీళ్లలో నానబెట్టి, బానలో ఉడికించి, ఉతికి, ఏడు నీళ్లలో జాడించేది. ఒక సెలవురోజు ఆమె వెంట పోయి ఇదంతా చూశాను. ఏడో నీళ్లు అయ్యాక ఆకువక్క ఉమ్మేసి, నోరు పుక్కిలించి, గుడ్డ కొసను నాలుక మీద పెట్టుకుంది.

"ఏం చేస్తున్నవు ఎల్లవ్వా?"

"సవుడు మిగిలితే నాలికెను కొరుకుతది. నా నాలికెనే కొరికింది పసిదాని తోలును ఇడుస్తదా?"

ఆ బిడ్డను ఆమె ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు, ఎత్తుకోనివ్వలేదు. కానీ బిడ్డ ఒంటికి తగిలే ప్రతి గుడ్డా ముందు ఆమె నాలుకకు తగిలి వచ్చేది. పదిహేను రాత్రులు పాప ఆకలికి తప్ప దేనికీ ఏడవలేదు.

శ్రావణంలో ముసురు పట్టింది. వాగు పొంగి రేవు మునిగిపోయింది. దాంతో ఎల్లవ్వ మొదటిసారి మా పెరట్లో బావి దగ్గరి బండ మీద గుడ్డలు ఉతకడానికి కూర్చుంది. ఇక్కడ మా వైపు ఉన్న ఒక నమ్మకం చెప్పాలి. పసిబిడ్డ గుడ్డలు పిండకూడదు, పిండితే బిడ్డ పేగులు మెలిపడతాయంటారు. నీళ్లు కారుతుండగానే దండెం మీద వేయాలి. అది కూడా ఆకాశం కింద కాదు, పైనుంచి పిట్ట ఎగిరితే ఆ నీడ బిడ్డకు తగులుతుందట. ఎల్లవ్వ ఇన్నేళ్లూ వాగు దగ్గర ఎలా ఉతుకుతోందో, ఎలా ఆరబెడుతోందో మా వాడలో ఎవరూ చూడలేదు. మైలగుడ్డల వెంట ఎవరు పోతారు? పొడిగుడ్డలు సాయంత్రానికి గడప దగ్గరికి వస్తే చాలు.

ఆ రోజు నాయనమ్మ పెరట్లోకి వచ్చేసరికి ఎల్లవ్వ రెండు చేతుల మధ్య గుడ్డను మెలిపెట్టి పిండుతోంది.

"ఏందే! ఏం చేస్తున్నవే!"

"నీళ్లు తీస్తున్నమ్మా."

"పసిగుడ్డు గుడ్డలు పిండుతవా? దాని పేగులు మెలేస్తున్నవా?"

ఎల్లవ్వ అదేదో వేళాకోళం అనుకుంది. "పిండకపోతే సవుడు ఎట్ల పోతదమ్మా? గీ చేతులతోనే సారు గుడ్డలు గూడ పిండిన. నేను కొత్తకోడలిని గప్పుడు. సారుకేమైంది, గుండు లెక్క ఉన్నడు."

నాయనమ్మ ముఖంలో రక్తం లేదు. బాపు తర్వాత ఆమెకు ఇద్దరు పుట్టి, ఇద్దరూ మూడు నెలలు నిండకుండానే పోయారు. ఇంట్లో ఎవరూ ఆ ఊసు ఎత్తరు.

"వాని ఎన్క పుట్టిన ఇద్దరియి?" అని అడిగింది, చాలా మెల్లగా. "వాండ్లయి గూడ పిండినవా?"

లేదని చెప్పి ఉంటే అక్కడితో పోయేది. ఎల్లవ్వ చేతిలోని గుడ్డ వైపు చూసుకుంది.

"పిండినమ్మా."

"అయితే నా బిడ్డలను సంపింది నువ్వేనే!"

నేను తలుపు వెనకే ఉన్నాను. మా నాయనమ్మ దుఃఖం నాకు అర్థం కాలేదని ఎవరూ అనుకోవద్దు. ముప్పై అయిదేళ్లు ఆమె దేవుడిని తిట్టుకుని, తనను తాను తిట్టుకుని ఉంటుంది. ఆ దుఃఖం ఆ రోజు ఎవరి చేతులను వెతికి పట్టుకున్నదో అదే నాకు ఈనాటికీ మింగుడుపడదు. పురుడు పోసిన దాయితో అనలేదు, పూజారితో అనలేదు. ఎదురుతిరిగి ఒక్క మాట అనలేని మనిషి ఎదురుగా కనబడింది. ఎల్లవ్వ గుడ్డలన్నీ తీసి బండ మీద మడిచి పెట్టింది. లేచి వెళ్తూ తలుపు వైపు ఒకసారి చూసింది. పొద్దుగూకకముందే వాడంతటికీ తెలిసింది, ఎల్లవ్వ పసిపిల్లల పేగులు మెలేస్తుందని.

మర్నాటి నుంచి గుడ్డలు నాయనమ్మే చూసుకుంది. అంగడి నుంచి ఉతికే సోడా తెప్పించి, ఆ నీళ్లలో ముంచి, రెండుసార్లు జాడించి, కారుతుండగానే పంచలో వేసేది. ముసురులో అవి రెండు రోజులకు గానీ ఆరవు, ఆరినా అట్టల్లా బిరుసు. మూడో రాత్రి నుంచి పాప ఏడుపు అందుకుంది. దీపం దగ్గర విప్పి చూస్తే తొడల సందుల్లో తోలు ఎర్రగా కమిలి, ఒకచోట ఊడి వచ్చింది. అక్క నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నేను దండెం మీది గుడ్డ ఒకటి తీసి నాలుక మీద పెట్టుకున్నాను. చురుక్కుమంది. నోరు కడుక్కున్నా ఆ మంట చాలాసేపు పోలేదు. నాయనమ్మ మాత్రం దిష్టి తీసి, తాయెత్తు తెప్పించి కట్టింది. "అది పిండిన పాపం ఇంక ఇడుస్తలేదు" అన్నది. అప్పుడైనా, పాప తొడలు పుండుగా కళ్ల ముందే ఉన్నప్పుడైనా, నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఏ రాత్రి ఏ గుడ్డ వేశామో, ఎన్ని నీళ్లలో జాడించిందో, ఎక్కడ ఎంత ఎర్రబడిందో, అన్నీ నోటుబుక్కులో రాశాను.

నోటితో చేయలేనిది దొంగతనంగా చేశాను. మధ్యాహ్నం నాయనమ్మ నిద్రపోగానే ఆ గుడ్డలన్నీ బావి దగ్గరికి తీసుకుపోయి ఏడు నీళ్లలో జాడించి, చేతుల్లో ఉన్న బలమంతా పెట్టి పిండాను. కుంపటి మీద గంప బోర్లించి, దాని మీద పరిచి ఆరబెట్టి, ఆమె లేచేలోపు మళ్లీ దండెం మీద వేశాను. రోజూ అట్లాగే చేశాను. అక్క మంచం మీద నుంచి చూసింది. వద్దనలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నాలుగు రోజులకు కొత్త తోలు వచ్చింది, పాప మళ్లీ రాత్రంతా పడుకుంది. నాయనమ్మ వచ్చిన వాళ్లందరికీ తాయెత్తు చూపించింది.

ఆ రాత్రి నోటుబుక్కు తీసుకుపోయి బాపుకు ఇచ్చాను. బాపు మంచివాడు. ఎవరూ లేని పిల్లలకు ఎన్నో ఏళ్లు ఉత్తపుణ్యానికి చదువు చెప్పాడు. రోజూ పేపరు చదివి దేశం ఎట్లా మారాలో మాట్లాడేవాడు. పదకొండు పేజీలూ నిలబడే చదివాడు. రెండు చోట్ల తప్పు పడిన అక్షరాలను పెన్సిలుతో దిద్దాడు.

"మంచిగ రాసినవు బిడ్డా. నిజమే రాసినవు."

"నాయనమ్మకు చెప్తవా బాపూ?"

"ముసలి పానం. ఇద్దర్ని పోగొట్టుకున్నది. గిప్పుడు గా పుండు మల్ల రేపుడెందుకు?"

"మరి ఎల్లవ్వ?"

"ఆమెకేం ఫికరు? ఊరు నిండ ఇండ్లున్నయి" అని నోటుబుక్కు తిరిగి ఇచ్చాడు.

నిజమే, ఇళ్లున్నాయి. పెద్దవాళ్ల బట్టలు అందరూ వేశారు. కానీ కాన్పు ఇంటికి మాత్రం ఆమెను ఎవరూ పిలవలేదు. అంతకుముందు నొప్పులు మొదలైన ప్రతి ఇంటికీ ముందు ఆమెకే కబురు పోయేది. అట్లాంటి మనిషి ఎదురొస్తే ఇప్పుడు బాలింతలు ఒళ్లోని బిడ్డ మీద కొంగు కప్పుకునేవాళ్లు. ఒకసారి నా కళ్లారా చూశాను. ఎల్లవ్వ రోడ్డు దిగి ముళ్లకంచె పక్కన నిలబడింది, ఆ తల్లి దాటిపోయేదాకా. తెలిసి ఊరుకున్న బాపు మీద ఆ రోజు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. నా మీద నాకు వచ్చింది అంతకంటే ఎక్కువ.

అక్క బిడ్డనెత్తుకుని అత్తారింటికి పోయాక ఒకరోజు బడి నుంచి వస్తూ వాగు వైపు వెళ్లాను. ఎల్లవ్వ ఒక్కతే ఉతుకుతోంది.

"ఏం కాయితాల పిల్లా. బిడ్డ రాత్రి పండుకుంటున్నదా?"

"పండుకుంటున్నది. నేనే పిండిన ఎల్లవ్వా. ఏడు నీళ్లు పెట్టిన. నాలికెకు పెట్టి గూడ సూసిన."

ఎత్తిన గుడ్డ ఎత్తినట్టే ఆగింది. "మీ నాయనమ్మకు ఎరుకనా?"

"లేదు. నోటుబుక్కుల అంత రాసిన. నీ పేరు గూడ రాసిన."

"రాసినవు. రాసి ఎవలకు సదివి ఇనిపిచ్చినవు?"

బాపు చదివిన సంగతి చెప్పడానికి నోరు రాలేదు. చెబితే ఇంకా ఘోరంగా ఉండేది.

"గా రోజు తలుపెన్క నిన్ను సూసిన నేను. రేవుల నా పని అంత సూసిన పిల్ల, ఒక్క మాటన్న అంటదేమో అనుకున్న" అన్నది. గొంతులో ఏడుపు లేదు. "పో, పొద్దుపోతాంది." గుడ్డను బండకేసి కొట్టింది. తర్వాత నా వైపు తిరగలేదు. ఆమె నన్ను క్షమించిందని రాస్తే చదవడానికి బాగుంటుంది, కానీ అది అబద్ధం. నా పెళ్లయిన రెండో ఏడు బాపు జాబులో, వానలు లేవన్న మాటకూ ఆవు ఈనిందన్న మాటకూ మధ్య ఒక్క వాక్యం ఉంది. చాకలి ఎల్లవ్వ పోయింది.

మూడు నెలల కిందట నాకు పాప పుట్టింది. నాయనమ్మ తోడుగా వచ్చింది. దవాఖానలో నర్సమ్మ గుడ్డల గురించి చెబుతూ, "సబ్బంత పోయేదాక జాడించాలె, గట్టిగ పిండాలె, ఎండల వేయాలె" అన్నది. నాయనమ్మ బుద్ధిగా తలూపింది. నర్సమ్మ తెల్లచీర మీద ఆమెకు రవంత అనుమానం కూడా రాలేదు. అప్పుడు కూడా ఊరుకున్నాను.

ఈ మధ్యాహ్నం మాత్రం ఊరుకోలేకపోయాను. ఇంటి యజమానురాలు పొద్దుటి సంగతి మరిచిపోలేదు. నాయనమ్మ పక్కన చేరి, "గుడ్డ నోట్లె పెట్టుకునుడు ఎవలు నేర్పిండ్రవ్వా నీ మనవరాలికి?" అని నవ్వుతోంది. నేను పెట్టె తెరిచి, అడుగున ఉన్న ఆ పాత నోటుబుక్కు తీశాను. వాళ్లిద్దరి ముందు కూర్చుని మొదటి పేజీ నుంచి పైకి చదివాను. బాపు పెన్సిలు దిద్దుబాట్లతో సహా పదకొండు పేజీలూ చదివాను, నా దొంగతనం ఉన్న పేజీ కూడా. ఎల్లవ్వ పేరు వచ్చిన ప్రతిచోటా కొంచెం గట్టిగా చదివాను.

యజమానురాలు మెల్లగా లేచిపోయింది. నాయనమ్మ తొట్టెల తాడు పట్టుకుంది.

"మరి నా ఇద్దరు ఎట్ల పోయిండ్రే?" అన్నది.

"నాకు తెల్వదు నాయనమ్మా. గని ఎల్లవ్వ చేతులల్ల పోలేదు."

ఇక ఆ మాట ఎల్లవ్వకు చేరదు. పదేళ్లు ఆలస్యమైన మాటతో ఎవరి పేరూ తిరిగి రాదు, అది నాకు తెలుసు. పులిసిన వాసన వేస్తున్న గుడ్డలన్నీ దండెం మీది నుంచి తీసి మళ్లీ నీళ్లలో వేశాను. ఏడు నీళ్లయ్యాక వాటిని పంచలోకి కాదు, వాకిట్లోకి తీసుకుపోయాను. వాన కాస్త తెరిపి ఇచ్చింది, వీధిలో జనం నడుస్తున్నారు. ఒక్కొక్కటీ నాలుకకు ఆనించి చూసి, రెండు చేతులా మెలిపెట్టి, ఆఖరి చుక్క దాకా పిండాను.